అత్తయ్య పక్కన పీట

మా తోడికోడలికి సీ వచ్చు, నాకు సీ షార్ప్ వచ్చు. రెండూ కంప్యూటరుకు పని చెప్పే భాషలే కదా, తేడా ఏముందని మా ఆయన ఒకసారి అడిగారు. ఆ తర్వాత కొన్నాళ్ళు నేను ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

తేడా ఉంది. నా భాష పనిమనిషి ఉన్న ఇల్లు లాంటిది. వాడిన గిన్నె ఎక్కడ వదిలేసినా, ఇక దానితో ఎవరికీ పనిలేదని చూసుకుని, వెనక నుంచి వచ్చి తీసేసే ఏర్పాటు అందులో ఉంటుంది. ఆమె భాషలో ఎవరి గిన్నె వాళ్ళే కడిగి బోర్లించుకోవాలి. అందుకని సీ రాసేవాళ్ళకు మాలాంటి వాళ్ళంటే కాస్త చిన్నచూపు. మా తోడికోడలికి ఆ చిన్నచూపు కూడా లేదు. ఉంటే నాకెంత హాయిగా ఉండేదో! ఒక మనిషి మీద కుళ్ళుకోవడానికి కారణం దొరక్కపోతే పడే బాధ, కుళ్ళుకన్నా పెద్దది.

పటమటలో మాది మేడ. కింద మేమందరం ఉంటాం, పైన పెద్ద హాలులో మా అత్తయ్య కూచిపూడి నేర్పుతారు. ఆవిడ పుట్టిల్లు కూచిపూడికి దగ్గర్లోని పల్లె. మేనమామ సైకిలు వెనక కూర్చుని వెళ్ళి నాట్యం నేర్చుకున్నారట. నేను కాపురానికి వచ్చేనాటికి ఆవిడ హాలులో ఒక వారగా పీట మీద కూర్చుని, రెండు చేతుల్లో రెండు తాళాలు పట్టుకుని, జతులు చెబుతూ ఎదురుగా ఉన్న పిల్లలందరినీ ఆడించేవారు. ఆ తాళాల చప్పుడు కింద వంటింట్లోకి వినిపించేది. కూర తరగుతూ నా కత్తిపీట కూడా తెలియకుండా ఆ లెక్కలోనే నడిచేది.

తర్వాత ఆవిడ కుడి మణికట్టు పోయింది. తాళం ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అదే రోజుల్లో గొంతు కూడా బొంగురుపోయింది. అదృష్టం కొద్దీ, చాలా ఏళ్ళ క్రితం ఒక శిష్యురాలి తండ్రి ఆవిడ చేత పాఠాలన్నీ స్టూడియోలో రికార్డు చేయించి ఉంచాడు. వాటిని పెట్టుకుని నేనొక అప్లికేషన్ రాశాను. పెద్ద పెద్ద తెలుగు అక్షరాల మీటలు, పాఠాల పేర్లు, వేగం పెంచడానికి ఒకటి, తగ్గించడానికి ఒకటి. గన్నవరం వైపు ఉన్న మా ఆఫీసులో నేను రోజూ రాసేది బిల్లులు కొట్టే సాఫ్ట్‌వేర్. దానితో పోలిస్తే ఇది నాకు పసిబిడ్డ లాంటిది.

అందులో ఒక లోపం ఉండేది. ఒక పాఠం అయిపోతే ఇంకోదాన్ని ఎవరైనా మీట నొక్కి మొదలుపెట్టాలి. అందుకని సాయంత్రం బస్సు దిగి నేను నేరుగా పైకి వెళ్ళేదాన్ని. అత్తయ్య పీట పక్కన నాకొక పీట, ముందు ముక్కాలిపీట మీద ల్యాప్‌టాప్. ఆవిడ కనుబొమ్మ ఎత్తితే రెండో కాలం, అంటే రెట్టింపు వేగం, తల పంకిస్తే తర్వాతి పాఠం. ఇంట్లో ఎంతమంది ఉన్నా ఆ ఒక్క గంటా ఆవిడ నావారు. "పెద్దమ్మాయ్ ఇంకా రాలేదా, క్లాసు మొదలెట్టేదెట్లా?" అని ఆవిడ కిందికి కేక వేస్తే, మెట్ల కింద చెప్పులు విప్పుతూ నేను కావాలనే కాస్త ఆలస్యం చేసేదాన్ని. ఇంకోసారి పిలుస్తారని.

అప్పుడు మా మరిదికి పెళ్ళయింది. ఆ అమ్మాయి వచ్చింది.

శబ్దానికి సంబంధించిన ఏదో కంపెనీకి ఇంట్లో కూర్చునే పనిచేస్తుంది. నెమ్మదస్తురాలు. నన్ను "అక్కా" అని నోరారా పిలుస్తుంది. ఒకరోజు పప్పులో ఉప్పు మర్చిపోయింది. "బీపీకి మంచిదేలే" అన్నారు అత్తయ్య. నేను మర్చిపోయిన రోజున "ధ్యాస ఎక్కడ పెట్టుకున్నావే?" అన్నారు. కొత్తొక వింత, పాతొక రోత అని సరిపెట్టుకోబోయాను. సరిపడలేదు.

ఒక సాయంత్రం ఆమె క్లాసు చూడటానికి పైకి వచ్చింది. అంతకుముందు ఎన్నడూ నాట్యం క్లాసు చూడలేదట. నేను వేగం తగ్గించాను. తగ్గిస్తే అత్తయ్య గొంతు మగగొంతులా దిగిపోతుంది, పెంచితే చంటిపిల్ల గొంతులా సన్నబడుతుంది. పిల్లలు కిసుక్కున నవ్వడం మాకు అలవాటే. ఆమె నవ్వలేదు. కళ్ళు మూసుకుని విన్నది.

"అక్కా, గొంతు మారకుండా వేగం ఒక్కటే మార్చొచ్చు. నేనొక చిన్న లైబ్రరీ రాసిస్తా. నువ్వు పిలుచుకుంటే చాలు" అంది.

పిలుచుకుంటే చాలు! ఒక ప్రోగ్రాం ఇంకొకదాని చేత పని చేయించుకోవడాన్ని మేం పిలవడం అనే అంటాం, అందులో తప్పేమీ లేదు. కానీ ఆ 'చాలు' దగ్గర నా కడుపు మండింది. పని తనది, పిలుపు నాది. మీటలు నావి, విద్య తనది.

అత్తయ్య వెంటనే "అట్లా చేస్తావా తల్లీ?" అన్నారు. తల్లీ అని నన్నెప్పుడు అన్నారో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను.

వారం తిరక్కుండానే లైబ్రరీ నా చేతికి వచ్చింది. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు, వేరే ప్రోగ్రాములు పిలిచి వాడుకునే పనుల మూట. ఒక్క ఫైలు. సీలో రాసినదాన్ని సీ షార్ప్‌లోంచి పిలవాలంటే ముందుగా ఒక ప్రకటన రాసుకోవాలి. ఫలానా ఫైలులో ఫలానా పేరుతో ఒక పని ఉంది, దానికి ఇవి ఇస్తాను, అది నాకు ఇది ఇస్తుంది అని. అందులో అబద్ధం ఉన్నా మా వైపు ఎవరూ పట్టించుకోరు. అవతలి వైపు అసలే పట్టించుకోరు. వేగం ఎంతో చెప్పే సంఖ్యను ఏ కొలతలో పంపాలో ఆమెను ఒక్క మాట అడిగితే సరిపోయేది. పక్కగదిలోనే ఉంది. అడగడానికి నోరు రాక, నా అంతట నేనే ఊహించుకుని రాశాను. పెద్ద కొలతలో పంపాను. ఆమె చిన్న కొలతలో చదువుకునేలా రాసింది. మామూలు వేగమని నేను పంపిన 'ఒకటి' అవతలికి సున్నాగా చేరింది.

మీట నొక్కగానే అత్తయ్య గొంతు "తా" అంది. అంతే, ఆ "తా" దగ్గరే ఆగిపోయింది. ఏలూరు రోడ్డు మీద ఇరుక్కుపోయిన లారీ హారన్‌లాగా సాగుతూనే ఉంది. పిల్లలు కాలెత్తి, దించాలో వద్దో తెలియక నిలబడిపోయారు.

"ఇంత ఊపిరి నాకు వయసులో కూడా లేదే!" అన్నారు అత్తయ్య.

"మీ చిన్నకోడలి లైబ్రరీ అండీ" అన్నాను నేను. ఆడలేక మద్దెల ఓడు అనే సామెత ఆ హాలులోనే పుట్టిందేమో.

మా తోడికోడలు వచ్చి, నా భుజం మీంచి తెర చూసి, ఒక మాట మార్చమంది. మార్చాను. గొంతు పలికింది. మొదటి కాలంలో, రెండో కాలంలో, మూడో కాలంలో ఒకటే గొంతు. ఖంగుమనే గొంతు, నేను కొత్తకోడలిగా వంటింట్లోంచి విన్నదే. అత్తయ్య కళ్ళు చెమర్చాయి. "చిన్నమ్మాయ్, నా గొంతు నాకు తెచ్చిచ్చావే" అన్నారు. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. రెండేళ్ళుగా ఆ గొంతును మోసిన మీటలు నావి. వాటి ఊసెత్తిన వాళ్ళు లేరు.

అయినా నేను ఓర్చుకునేదాన్ని. పీట ఉంది కదా. అది కూడా పోయింది.

"అక్కా, రోజూ ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చి కూర్చుంటున్నావు, పాపం" అంటూ ఆమె ఇంకో సదుపాయం చేర్చింది. పాఠం ముగియగానే ఈసారి లైబ్రరీయే నా అప్లికేషన్‌ను పిలుస్తుంది. నేను చేయవలసిందల్లా నా వైపు ఒక ఫంక్షన్, అంటే ఒక పని చేసే చిన్న కోడు ముక్క, రాసి దాని చిరునామా లైబ్రరీకి ఇవ్వడం. అయిపోయిందని కబురు రాగానే తర్వాతి పాఠం దానంతటదే మొదలవుతుంది. ఇక మీట నొక్కే మనిషితో పనిలేదు. నా పీటను తీసేసే ఫంక్షన్‌ను నా చేత్తోనే రాశాను. చక్కగా పనిచేసింది కూడా.

ఆ తర్వాత సాయంత్రాలు నేను కిందనే ఉండిపోయాను. పైన క్లాసు తన పాటికి తను నడిచేది. "పెద్దమ్మాయ్ రాలేదా?" అన్న కేక మళ్ళీ వినిపించలేదు. అత్తయ్యకు వేడి నీళ్ళ సంచి ఎవరు అందించారో, ఆవిడ ఎవరితో నవ్వారో మెట్ల దగ్గర నిలబడి చెవులు రిక్కించి వినేదాన్ని. నా వయసుకు, నా చదువుకు అది తగని పనే. తెలిసీ చేశాను.

దసరా వచ్చింది. మా ఇంట్లో ఆయుధపూజకు గజ్జెలు, తాళాలు అమ్మవారి ముందు పెడతారు. పూజలో పెట్టినవాటిని విజయదశమి పొద్దున్నే అక్షింతలు వేసి తీసేదాకా ముట్టుకోకూడదు. ఆ ఏడు అత్తయ్య ల్యాప్‌టాప్ కూడా పెట్టమన్నారు. నేను మూసి తెచ్చి పెట్టబోతే ఒప్పుకోలేదు.

"మూసేసిన దానికి పూజేంటే? దీపం ఆర్పి పెడతామా? తెరిచే ఉంచు. మన పాఠాలు కనపడాలి" అన్నారు.

అందుకని చార్జరు తగిలించి, తెర ఆరిపోకుండా సరిచేసి, అప్లికేషన్ తెరిచి, తాళాల పక్కన నిలబెట్టాను. తెరకు బంతిపూల దండ వేశారు. మూతకు గంధం, కుంకుమ పెట్టారు. మామూలు రోజుల్లో ఆ అప్లికేషన్ క్లాసు అంతసేపే తెరిచి ఉంటుంది. అది అన్ని గంటల పాటు ఒక్క బిగిని మేలుకుని ఉండటం అదే మొదలు.

విజయదశమి నాడు కొత్తగా చేరే పిల్లలు పట్టు పరికిణీలు కట్టుకుని, తల్లిదండ్రులతో హాలు నిండా వచ్చారు. అత్తయ్య ల్యాప్‌టాప్‌కు దండం పెట్టి, దండ తీసి, వేలు వంచి కణుపుతో మీట నొక్కారు. ఆ ఖంగుమనే గొంతు లేచింది. పాత పిల్లలు చేసి చూపిస్తున్నారు. మొదటి పాఠం ముగిసింది. ముగిసిన ఆ క్షణంలోనే అప్లికేషన్ మాయమైపోయింది. ఏ సందేశమూ లేదు, ఏ హెచ్చరికా లేదు. తెర మీద నా పసిబిడ్డ ఉన్నచోట నీలిరంగు కొండల బొమ్మ ఒకటి మిగిలింది.

"కరెంటు పోయిందా అండీ?" అని ఒక తల్లి అడిగింది. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది.

నేను ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్ళేలోపే తాళాలు మోగాయి. అత్తయ్య పూజలోంచి తీసిన తాళాలను చేతిలోకి తీసుకున్నారు. బొంగురు గొంతుతోనే జతి అందుకున్నారు. అక్కడక్కడా గొంతు జీరబోయింది, ఒకచోట ఆగి గుటక వేశారు. కానీ లెక్క తప్పలేదు. పిల్లలందరి తలలూ ఒక్కసారిగా ఆవిడ వైపు తిరిగాయి. అన్నాళ్ళుగా వాళ్ళు ల్యాప్‌టాప్ వైపు చూసి ఆడుతున్నారని నేనప్పుడే గమనించాను.

క్లాసు ముగిసేసరికి మణికట్టు వాచింది. మా తోడికోడలు వేడి నీళ్ళ సంచి పట్టుకుని పరిగెత్తుకొచ్చి, అందరూ వింటుండగా "నాదే తప్పయి ఉంటుంది అత్తయ్యా. పాఠం అయిపోయిందని పిలిచేది నా లైబ్రరీయే కదా" అంది.

"ఎంత మంచి పిల్లండీ! తనే ఒప్పుకుంటోంది" అంది కరెంటు సంగతి అడిగినావిడ.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. మంచి చేసినా మెప్పు ఆమెకే, చెడిపోయినా మెప్పు ఆమెకే. ల్యాప్‌టాప్ తీసుకుని కిందికి వెళ్ళి, వంటింటి గట్టు మీద పెట్టి, పులిహోర తిరగమోత ఎవరికో అప్పజెప్పి, కారణం వెతికాను. వెతికింది నిజం కోసమే. ఆమె తప్పే దొరకాలని మొక్కుకుంటూ వెతికానన్నది కూడా నిజమే.

దొరికింది నాది. నా ఫంక్షన్ చిరునామాను లైబ్రరీకి ఇచ్చాను గానీ, నా వైపు దాన్ని ఎక్కడా పట్టి ఉంచలేదు. మా వైపు గిన్నెలు తీసేసే ఏర్పాటు ఉందన్నాను కదా. అది క్లాసు జరిగే కాసేపట్లో అటు తొంగిచూసేది కాదు. పూజలో అంతసేపు తెరిచి ఉంచేసరికి తీరిగ్గా వచ్చింది. ఇంట్లో ఎవరూ దీన్ని పట్టుకుని లేరు, ఎవరికీ అక్కర్లేదు అనుకుని తుడిచేసింది. పొరుగింట్లో ఒకరు దీన్ని నమ్ముకుని కూర్చున్నారని దానికేం తెలుసు? పాఠం ముగియగానే లైబ్రరీ పాత చిరునామాకు కబురు పెట్టింది. అక్కడ ఎవరూ లేరు. అంతటితో అన్నీ కూలాయి.

మామూలుగా అయితే నా తప్పు నేను మెల్లగా సర్దుకుని ఊరుకునేదాన్ని. కానీ తప్పు ఒప్పుకున్న మంచిపేరు కూడా ఆమెకే దక్కుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మెట్లెక్కాను.

"తప్పు నాదండీ అత్తయ్యా! తన లైబ్రరీకి ఏమీ కాలేదు. నేను పట్టి ఉంచాల్సింది ఉంచలేదు!"

"లేదక్కా, నేనైనా ఆ సంగతి నీకు చెప్పాల్సింది" అంది మా తోడికోడలు.

"నువ్వు చెప్పక్కర్లేదు. అది నాకు తెలిసి ఉండాల్సింది!"

"నాదే అక్కా."

"కాదంటున్నా కదా, నాదే!"

అత్తయ్య ముక్కున వేలేసుకున్నారు. "నగల కోసం కొట్టుకునే తోడికోడళ్ళను చూశా గానీ, తప్పు కోసం కొట్టుకునేవాళ్ళను ఇప్పుడే చూట్టం" అన్నారు. ఆవిడ నవ్వుతుంటే నేనూ నవ్వాను. నా నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చింది.

"ఒక్క లైను రాస్తే బాగైపోతుందండీ. ఇప్పుడే రాసేస్తా" అన్నాను.

ఆవిడ నవ్వు ఆగింది. వాచిన చేతిని ఒళ్ళో పెట్టుకుని "రాయకే" అన్నారు.

మాకు అర్థం కాలేదు.

"దాంట్లో ఉన్నావిడ ఉందే, ఆవిడంటే నాకు పడదు" అన్నారు ల్యాప్‌టాప్ వైపు గడ్డం చూపిస్తూ. "గొంతు బాగుంటది. చెయ్యి నొప్పెట్టదు. ఆగమన్నా ఆగదు. పిల్లలు నా మొహం చూట్టం మానేశారు. నా క్లాసులో నేను చుట్టపుచూపుగా వచ్చినట్టు కూర్చుంటన్నా. మీరిద్దరూ ఎంతో ప్రేమగా చేశారు, ఏవంటాను? ఇవాళ అది చచ్చిపోతే, పాపమో పుణ్యమో, నా ప్రాణం లేచొచ్చింది."

తన గొంతు మీద తనే కుళ్ళుకున్న మనిషిని నేను మొదటిసారి చూశాను. అసూయ సంగతి నాకంటే తెలిసినవాళ్ళు ఆ ఇంట్లో లేరనుకున్నాను. అంతకాలం నేను ఆవిడ పక్కన పీట గురించి ఏడ్చానే తప్ప, ఆవిడ పీట కూడా పోయిందని నాకు తట్టలేదు.

"పూర్తిగా తీసెయ్యమనట్లేదు. నాకు ఓపిక లేనప్పుడు పాడనీ. దానంతటది మాత్రం మొదలవకూడదు. నేను మొదలెడితేనే మొదలవ్వాలి" అన్నారు.

మా తోడికోడలి ముఖం చిన్నబోయింది. తను ఇష్టంగా చేసిన పని అదే. "సరే అత్తయ్యా" అంది. నాకు సంతోషం కలిగింది. అబద్ధమెందుకు? కాసేపటికి ఆ ముఖం చూసి జాలి కూడా కలిగింది. ముందు వచ్చింది మాత్రం సంతోషమే.

ఫంక్షన్‌ను పట్టి ఉంచే లైను రాయలేదు. దాని చిరునామా లైబ్రరీకి ఇచ్చే లైనునే తీసేశాను. మీట మళ్ళీ మనిషి చేతికి వచ్చింది.

మర్నాడు సాయంత్రం బస్సు దిగి నేరుగా పైకి వెళ్ళాను. మూల నుంచి నా పీట తెచ్చి అత్తయ్య ఎడమ పక్కన వేసుకున్నాను. ల్యాప్‌టాప్ ఉండేది ఎప్పుడూ ఆ పక్కనే. కూర్చున్నాక చూస్తే, కుడి పక్కన ఇంకో పీట ఉంది. దాని మీద మా తోడికోడలు, ఒళ్ళో వేడి నీళ్ళ సంచి పెట్టుకుని కూర్చుంది.

అత్తయ్య తాళాలు పట్టారు. డాక్టరు మాట గుర్తుచేస్తే "కాసేపేలే" అన్నారు. మొదటి కాలం నడిచింది. పిల్లల కళ్ళు ఆవిడ మీదే ఉన్నాయి. రెండో కాలంలో కుడిచెయ్యి బరువెక్కడం నాకు తెలిసింది, చప్పుడు కాస్త మెత్తబడింది. నా వేలు మీట దాకా వెళ్ళింది. ఆవిడ వద్దన్నట్టు తల ఊపారు. జతి ఆపకుండా, చూపు పిల్లల మీంచి తిప్పకుండా, రెండు తాళాలనూ కలిపి పక్కకు చాచారు. ఎవరైనా అందుకోమని.

కుడి పక్కకు.

మా తోడికోడలు గబుక్కున అందుకుంది. అందుకుని, వాటిని ఏం చేయాలో తెలియక, ఒక్క క్షణం అలాగే పట్టుకుంది. ఆ తర్వాత అత్తయ్య ఒడి మీదుగా చేతులు చాచి వాటిని నాకందించింది.

"అక్కా, నాకు లెక్క తెలీదు. నువ్వు పట్టు" అంది గుసగుసగా.

నాకు తెలుసు. వంటింట్లో కత్తిపీట మీద, ఆ పీట మీద కూర్చున్న సాయంత్రాల్లో అది నాకు పట్టుబడింది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ అడగలేదు. తాళాలు తీసుకుని, తప్పిపోబోతున్న లెక్కను అందుకున్నాను. అత్తయ్య చటుక్కున నా వైపు తిరిగారు. జతి చెబుతూనే కనుబొమ్మ ఎత్తారు. మూడో కాలం. నేను వేగం పెంచాను.

హాలంతా పిల్లల పాదాలతో దద్దరిల్లుతోంది. తాళాలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. అంత ఆనందంలోనూ నాకు మొదట వచ్చిన ఆలోచన ఒక్కటే. ముందు తన చేతికే వెళ్ళాయి కదా.